అడిగేదాకా ఆగడం: ఆటిజం ఉన్న బాబు, ఆరు నెలల కేసు

మొదటిసారి చూసినప్పుడు బాబు వయసు 3 ఏళ్ల 10 నెలలు. ఊరు చంద్రగిరి వైపు, తిరుపతికి ఆటో దూరం. నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ ఇంట్లోనే ఉంటుంది, నాన్నమ్మ కూడా వాళ్లతోనే. ఆమెను ఇంటిల్లిపాదీ ‘అవ్వ’ అనే పిలుస్తారు. అవ్వ పుట్టిల్లు అరవం మాట్లాడే ఊరు కాబట్టి ఇంట్లో తెలుగూ తమిళమూ రెండూ నడుస్తాయి. నెలలు నిండి పుట్టాడు, బరువు 2.8 కిలోలు, పుట్టగానే ఏడ్చాడు, 13 నెలలకు నడిచాడు. ఏడాదిన్నరప్పుడు ‘అమ్మ’, ‘తాత’, ‘బస్సు’ అనేవాడు. రెండేళ్లు నిండేసరికి ‘బస్సు’ తప్ప మిగతావి పోయాయి. ఇది ఒక్క పిల్లాడి కేసు కాదని ముందే చెప్పాలి. ఒకే తీరున ఉన్న కొందరు పిల్లల నోట్సు కలిపి, ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాసింది.

వచ్చినరోజు ఇంట్లోవాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే: “మొండోడు సార్. పేరు పెట్టి పిలిస్తే తిరిగి సూడడు. బిస్కెట్ కవరు సప్పుడైతే మాత్రం యాడున్నా పరిగెత్తుకోనొస్తాడు. ఏం కావాల్నో సెప్పడు, అరస్తాడు. నాలుగు రకాలు తప్ప తినడు. కటింగుకి తీసకపోతే నలుగురం పట్టుకోవాల.” దీనికి తోడు ఒక మొక్కు. బాబుకు మాట వస్తే కొండమీద తలనీలాలు ఇప్పిస్తానని అవ్వ మొక్కుకుంది. మాట వచ్చేదాకా ఆగితే ఎప్పటికవుతుందోనని, ముందే ఇచ్చేద్దామని ఆమె తొందర. కటింగు షాపులో కుర్చీ కూడా ఎక్కనివాడికి గుండు ఎట్లా అన్నది అమ్మ దిగులు.

అప్పటికి ఏడాదిన్నర కాలం ‘మగపిల్లలకు మాట లేటుగా వస్తుంది’ అన్న మాటమీదే గడిచిపోయింది. ఈ మధ్యలో తాయత్తు కట్టించారు, వస కొమ్ము అరగదీసి నాకించారు. తాయత్తు వల్ల నష్టం లేదు. వస మాత్రం మానెయ్యమన్నాం. దానివల్ల మాట రాదు, పసిపిల్లలకు వాంతులు కావచ్చు. వచ్చిన మాటలు పోవడం ఏ వయసులోనైనా సరే ఆగి చూడాల్సిన విషయం కాదు, ఆ వారమే డాక్టరుకు చూపించాల్సింది.

పరీక్షలు

మొదట వినికిడి. కవరు చప్పుడుకు వస్తున్నాడు కదా, చెవులు బాగానే ఉన్నాయని ఇంట్లోవాళ్లు అన్నారు. ఆ వాదన చాలదు. కొన్ని స్థాయిల శబ్దాలు వినిపించి, మాటలోని సన్నటి ధ్వనులు వినిపించని పిల్లలు ఉంటారు. బెరా (శబ్దానికి మెదడు స్పందనను కొలిచే వినికిడి పరీక్ష) నిద్రలో చెయ్యాలి కాబట్టి ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లవారుజామునే లేపి, దారిలో కునుకు తీయకుండా చూసుకుని తీసుకెళ్లాలి. ఈ ఒక్క జాగ్రత్త తెలియక మూడుసార్లు తిరిగే కుటుంబాలు ఉన్నాయి. బాబుకు రెండు చెవులూ మామూలుగానే ఉన్నాయి.

తర్వాత రక్తం. ఆటిజాన్ని చెప్పే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. అయినా రక్తపరీక్ష వదలకూడదు. నాలుగు రకాలే తినే పిల్లాడికి ఇనుము తక్కువగా ఉండటం మామూలే. ఇనుము తక్కువైతే నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది, మట్టి, సుద్ద తినే అలవాటు కూడా రావచ్చు. బాబు హిమోగ్లోబిన్ 8.9. ఈ వయసుకు 11 దాటి ఉండాలి. రోజుకు మూడు పెద్ద గ్లాసుల పాలు, రెండుసార్లు టీ తాగుతున్నాడు. ఆకలి వాటితోనే తీరిపోతోంది. పాలూ టీ రెండూ ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి కూడా. పిల్లల డాక్టరు బరువును బట్టి ఐరన్ సిరప్ రాశారు. పాలతో కలిపి ఇవ్వొద్దని, వేసిన వెంటనే నీళ్లు తాగించమని, పళ్లు నల్లబడితే భయపడొద్దని చెప్పాం. టీ మానేశారు. పాలు ఒక గ్లాసుకు తగ్గించడానికి మూడు వారాలు పట్టింది.

ఐ.ఎస్.ఏ.ఏ. స్కేలు మన దేశంలో ఆటిజం ధ్రువపత్రానికి వాడేది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం, 107 నుంచి 153 దాకా మధ్యస్థం. బాబుకు 112 వచ్చింది. చెప్పింది అర్థం చేసుకోవడం సుమారు 14 నెలల పిల్లల స్థాయిలో ఉంది. ఈ రెండో విషయమే ఇంట్లోవాళ్లకు పనికొచ్చింది. “నువ్వు బుద్ధిగా కూచుంటే సాయంత్రం నాన్న బస్సు బొమ్మ తెస్తాడు” అన్న మాటలో బాబుకు అందేది ‘బస్సు’ ఒక్కటే. బస్సు అన్నారు, బస్సు లేదు, అందుకే అరుపు.

ఏడు రోజుల నోటుపుస్తకం

థెరపీ వారానికి రెండుసార్లు, ఒక్కోటి 45 నిమిషాలు. మిగతా వారమంతా బాబు ఇంట్లోనే ఉంటాడు. అందుకే ఏదీ మార్చకముందు వారం రోజులు ఇంట్లో ఏం జరుగుతోందో రాయమన్నాం. రూళ్ల నోటుపుస్తకంలో నాలుగు గళ్లు: టైము, దానికి ముందు ఏం జరిగింది, బాబు ఏం చేశాడు, ఆ తర్వాత ఇంట్లోవాళ్లు ఏం చేశారు.

మొదటి రెండు రోజులు మూడో గడిలో ‘మొండి చేసినాడు’ అని మాత్రమే ఉంది. అది పనికిరాదు. వీడియో తీస్తే అందులో ఏం కనిపిస్తుందో అదే రాయాలి. మూడో రోజు నుంచి అమ్మ రాసిన తీరు ఇలా మారింది: “6:50. ఫ్రిజ్ దగ్గర నిలబడినాడు. నా చెయ్యి పట్టి లాగినాడు. నేను పెరుగు ఇచ్చినాను. విసిరేసినాడు. నేల మీద పడి తల కొట్టుకున్నాడు, 12 నిమిషాలు. ఫోను ఇచ్చినాను. ఆపినాడు.” మొత్తం పని ఈ ఒక్క నమోదు మీదే నిలబడింది.

ఏడు రోజుల్లో 41 అరుపులు. 19 సార్లు ఏదో కావాలి, ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. 11 సార్లు ఫోను లాక్కున్నారు. 6 సార్లు చప్పుడు: కుక్కర్ విజిలు, మిక్సీ. మిగిలిన 5 ఎందుకో తెలియలేదు. నాలుగో గడి చూస్తే 41లో 33 సార్లు చివరికి ఫోను చేతికొచ్చింది. అంటే ఆ ఇంట్లో అన్నిటికంటే బాగా పని చేసే మాట అరుపు. ఆ పని చేసే మాటను బాబు మొండితనంతో కాదు, తెలివితోనే వాడుతున్నాడు.

ఇంటికి వెళ్లి రెండు గంటలు కూర్చుని చూసినప్పుడు ఇంకొకటి తేలింది. ఆ రెండు గంటల్లో అవ్వ 14 సార్లు బాబుకు ఏదో ఒకటి అడక్కముందే అందించింది. నీళ్ల చెంబు, బొరుగుల గిన్నె, జారిన నిక్కరు ఎత్తడం, తలుపు తియ్యడం. మనవడి ముఖం చూసే ఆమెకు అన్నీ తెలిసిపోతాయి. ఆ ప్రేమలో తప్పు వెతకడానికి ఏమీ లేదు. అయితే అరుపుకు ఫోను వస్తుంది, అరవకపోతే అన్నీ వాటంతటవే వస్తాయి. ఇక మధ్యలో ‘అడగడం’ అనే పని బాబుకు ఎక్కడా లేదు. పథకం మొత్తం ఆ ఖాళీలో పెట్టాం.

కార్డుతో అడగడం

వాడింది పెక్స్ పద్ధతి. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించింది. మొత్తం ఆరు దశలు. మొదటి దశలో పిల్లాడు బొమ్మ కార్డు తీసి ఎదుటివాళ్ల చేతిలో పెడితే ఆ వస్తువు చేతికొస్తుంది. అంతే.

ముందు ఏది నిజంగా ఇష్టమో కనిపెట్టాలి. రెండేసి వస్తువులు ఎదురుగా పెట్టి దేనికి చెయ్యి చాస్తాడో మూడు విడతలు చూశాం. బొరుగులు, సబ్బు బుడగలు, బస్సు బొమ్మ గెలిచాయి. ఫోను వీటన్నిటినీ ఓడిస్తుంది, అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కార్డుకు ఇంటర్నెట్ బొమ్మ వద్దు. వాళ్లింటి స్టీలు గిన్నెలో బొరుగులు పోసి పైనుంచి ఫోటో తీసి, 5 సెంటీమీటర్ల చదరంగా ప్రింటు తీయించి, మందపాటి అట్టకు అతికించి, రెండువైపులా వెడల్పు టేపు వేశారు. వెనక వెల్క్రో. అది టైలరింగ్ సామాన్ల షాపులో మీటరు లెక్కన దొరుకుతుంది.

మొదటి దశకు ఇద్దరు పెద్దలు కావాలి. అమ్మ ఎదురుగా కూర్చుంటుంది, గుప్పిట్లో బొరుగులు. నాన్న బాబు వెనక. కార్డు ఇద్దరి మధ్య నేలమీద. బాబు బొరుగుల కోసం చెయ్యి చాచగానే నాన్న వెనకనుంచి ఆ చేతిని కార్డు మీదికి తెచ్చి, తీయించి, అమ్మ అరచేతిలో పెట్టిస్తాడు. కార్డు తగిలిన క్షణంలో అమ్మ “బొరుగులు!” అని నాలుగు బొరుగులు నోట్లో పెడుతుంది. నాలుగంటే నాలుగే. గుప్పెడు పెడితే ఐదోసారికి కడుపు నిండి ఆట ఆగిపోతుంది. పొద్దున 20 సార్లు, సాయంత్రం 20 సార్లు, రెండూ అన్నానికి అరగంట ముందు.

ఇందులో తప్పులు దాదాపు అన్ని ఇళ్లల్లో ఒకేలా జరుగుతాయి. వెనక కూర్చున్నవాళ్లు నోరు తెరుస్తారు: “ఇయ్యి నాయనా, అమ్మకియ్యి.” అప్పుడు పిల్లాడు ఆ మాట కోసం కాచుకోవడం నేర్చుకుంటాడు. వెనకవాళ్లు మౌనంగా చెయ్యిగానే ఉండాలి. ముందు కూర్చున్నవాళ్లు “ఏం కావాలి?” అనడం, చెయ్యి ముందే చాచి పెట్టడం కూడా అలాంటివే. అరచెయ్యి తెరుచుకునేది పిల్లాడి చెయ్యి కార్డు మీదికి వెళ్లాకే. బాబు విషయంలో నాన్న మూడు రోజులు మాట్లాడుతూనే ఉన్నాడు. చివరికి ఒక చాక్లెట్ కవరు పళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నాడు. నవ్వులాట కాదు, పనిచేసింది. చేతిసాయం మణికట్టు నుంచి మోచేతికి, అక్కడినుంచి భుజానికి తగ్గుతూ వచ్చి, ఎనిమిదో రోజుకు 20లో 16 సార్లు బాబు తనంతట తానే కార్డు ఇచ్చాడు.

రెండో దశ దూరం. కార్డుల అట్ట బాబు కంటి ఎత్తులో, వంటింటి తలుపుకు. ఇక్కడ పదిరోజులు దెబ్బతిన్నాం. వెల్క్రో నములుతున్నాడని అవ్వ అట్టను ఫ్రిజ్ మీద పెట్టేసింది. కార్డు అందకపోతే పిల్లాడికి మళ్లీ మిగిలేది అరుపే. నమలడానికి వేరే రబ్బరు గొట్టం ముక్క ఇచ్చి, అట్టకు దారం కట్టి తలుపుకే వేలాడదీయించాం.

మూడో దశ తేడా గుర్తించడం. అప్పటిదాకా చేతికందిన కార్డు ఏదైనా ఇచ్చేస్తున్నాడు, బొమ్మ చూడటంలేదు. బొరుగుల కార్డు పక్కన గరిటె కార్డు పెట్టాం. గరిటె కార్డు ఇస్తే గరిటె ఇవ్వడమే. తిట్టడం లేదు, “కాదు” లేదు. గరిటె చేతిలో పట్టుకుని రెండు క్షణాలు బిత్తరపోయి చూసిన ఆ చూపు దగ్గరే నేర్చుకోవడం మొదలవుతుంది. తొమ్మిదో వారానికి ఏడు కార్డులు తేడా తెలిసి వాడుతున్నాడు. పదకొండో వారంలో కార్డు ఇస్తూ “బొరు” అన్నాడు.

కార్డులు అలవాటైతే మాట రాదేమోనని ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. కార్డు మాటకు అడ్డుపడదు. అందరికీ మాట వస్తుందని మాత్రం ఎవరూ మాటివ్వలేరు. రానివాళ్లకు కార్డే మాట.

‘కావాలా’ కాదు, ‘కావాలి’

తెలుగిళ్లలో పిల్లలతో మాట్లాడేదంతా చాలావరకు ప్రశ్నలే: నీళ్లు కావాలా? అన్నం తింటావా? బయటికి పోదామా? మాటను చిలకలా అప్పజెప్పే దశలో ఉన్న పిల్లలు ఆ చివరి ‘ఆ’తో సహా పట్టుకుంటారు. దాహమైతే వచ్చి “నీళ్లు కావాలా” అంటారు. ‘నీకు’, ‘నాకు’ తారుమారైనట్టు కనిపించేదీ ఇందుకే. వాళ్లకు ఆ సందర్భంలో వినిపించిన మాట అదే కదా.

అందుకని పిల్లాడు చెప్పాల్సిన మాటను పిల్లాడి వైపునుంచే మనం చెప్పాలి. చెంబు కనిపించేలా పట్టుకుని “నీళ్లు” అని, ఆగి, మనసులో ఏడు లెక్కపెట్టి, చూసినా, చెయ్యి చాచినా, కార్డు ఇచ్చినా ఇచ్చెయ్యాలి. ఒక్క మాట వస్తున్నప్పుడు రెండు మాటలు వినిపించాలి: “నీళ్లు కావాలి”, “తలుపు తియ్యి”. అంతకు మించి వద్దు. “ఇదేంటి? ఇదేంటి?” అని పుస్తకం చూపించి పరీక్ష పెట్టడం మానెయ్యమన్నాం. ఏడు లెక్కపెట్టేదాకా ఆగడం అవ్వకు అన్నిటికంటే కష్టమైంది. “బిడ్డ దప్పికతో సూస్తావుంటే ఏడు ఎట్లా లెక్కపెట్టేది సామీ” అంది. ఆమెకు మూడుతో మొదలుపెట్టాం.

బళ్లో ఇంగ్లీషు కాబట్టి ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడమని ఎవరో సలహా ఇచ్చారట. వద్దు. ఇంట్లోవాళ్లకు తడుముకోకుండా వచ్చే భాషే పిల్లాడికి కావాలి. అవ్వ తమిళం మాట్లాడితే మాట్లాడనియ్యొచ్చు, రెండు భాషల వల్ల ఆటిజం ముదరదు. కార్డు ఇచ్చినప్పుడు చెప్పే మాట మాత్రం ఇంట్లో అందరిదీ ఒకటే ఉండాలి.

ఫోను

రోజుకు ఐదు గంటలు చూస్తున్నాడు. ఫోను వల్ల ఆటిజం రాదు. కానీ ఐదు గంటల ఫోనంటే మనిషితో గడపని ఐదు గంటలు. రెండు నుంచి ఐదేళ్లవాళ్లకు రోజుకు గంటకు మించొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం సూచన. ఒక్కరోజులో లాగేస్తే ఇల్లు ఆగదు కాబట్టి నాలుగు రోజులకొకసారి అరగంట తగ్గించాం. 32 రోజులకు గంటకు వచ్చింది. ఆపేముందు ‘అయిపోయింది’ కార్డు, వీడియో పూర్తయ్యాకే ఆపడం, వెంటనే బుడగలు. మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా అరుపు తగ్గకపోగా పెరిగింది, ఒకసారి 26 నిమిషాలు. ఇది రాబోతుందని ముందే చెప్పకపోతే సరిగ్గా అక్కడే ఇంట్లోవాళ్లు ఫోను ఇచ్చేస్తారు. ఇచ్చేస్తే 26 నిమిషాలు అరిస్తే వస్తుందని నేర్పినట్టవుతుంది. ఆదివారం ఇంటికొచ్చిన మామ ఫోను ఇచ్చి ఒక వారం కష్టాన్ని వెనక్కి తిప్పాడు. అప్పటినుంచి చుట్టాలకు కూడా అదే నియమం.

కుక్కర్ విజిలుకు పెద్దగా చేసిందేమీ లేదు. స్టవ్ వెలిగించేముందు కుక్కర్ కార్డు చూపించి పెరట్లోకి తీసుకెళ్లడం, చెవులకు పెట్టే కప్పులు. కప్పులు రోజంతా పెట్టకూడదు, చిన్న చప్పుడు కూడా భరించలేకుండా పోతారు.

తిండి

తినేవి నాలుగు: పెరుగన్నం, ఇడ్లీ, బొరుగులు, ఒకే రకం బిస్కెట్. ఇక్కడ జరిగిన పెద్ద పొరపాటు అవ్వది. బలం రావాలని ఉడికించిన గుడ్డు నలిపి పెరుగన్నంలో కలిపింది. బాబు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు పెరుగన్నం ముట్టలేదు. నమ్మకంగా తినే తిండిలో ఏదీ దాచకూడదు. ఉన్న నాలుగింటిలో ఒకటి పోయిందంటే నాలుగో వంతు తిండి పోయినట్టే.

మేం పట్టుకున్నది ఇడ్లీని. కప్పు ఇడ్లీ పిండికి ఒక టీస్పూను రాగిపిండి, బాబు చూస్తుండగానే కలపాలి. నాలుగు రోజులు అలాగే తింటే ఇంకో స్పూను. రంగు మారడం కళ్లకు కనిపించాలి. ఆరు స్పూన్ల దగ్గర ఆగాడు, ఐదుకు వెనక్కొచ్చి రెండు వారాలు ఉన్నాం. కొత్తది వేరే గిన్నెలో, కంచం పక్కన. తినమని అడగడం లేదు. కంచం పక్కన ఉండనివ్వడం, ముట్టుకోవడం, వాసన చూడటం, నాకడం, కొరకడం, ఒక్కోదానికి రోజులు పడతాయి. ఆరు నెలల్లో కొత్తగా చేరినవి మూడే: రాగి ఇడ్లీ, అరటిపండు, నెయ్యి వేసిన పప్పు ముద్ద. గోధుమ, పాలు మాన్పిస్తే ఆటిజం తగ్గుతుందని ఇంట్లో ఎవరో వీడియో చూపించారు. దానికి గట్టి ఆధారం లేదు. పెరుగన్నం మీద బతికే పిల్లాడికి పెరుగు మాన్పించడం ప్రమాదం.

గుండు

కటింగు అంటే ఒక పని కాదు. దాన్ని ముక్కలుగా విడదీసి, రెండు వారాలపాటు ఒక్కో ముక్కనూ ఇంట్లో విడిగా చూశాం. తడి చెయ్యి తలమీద పెడితే 20 సెకన్లు ఊరుకున్నాడు. ట్రిమ్మర్ రెండు మీటర్ల దూరంలో మోగితే చెవి మూసుకున్నాడు గానీ కదల్లేదు. వెనకనుంచి ఎవరైనా తల పట్టుకుంటే తోసేశాడు. మెడచుట్టూ గుడ్డ బిగిస్తే ఐదు సెకన్లలో అరుపు. సన్నటి వెంట్రుక తునకలు మెడమీద పడితే చర్మం ఎర్రబడేదాకా గోక్కున్నాడు. భయం ట్రిమ్మర్‌దని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. అసలు బాధ గుడ్డ, తునకలు.

దీన్నిబట్టి చూస్తే ఒకరకంగా గుండే తేలిక. తడి జుట్టు బ్లేడుతో గీస్తే కుచ్చులు కుచ్చులుగా ముందుకు పడుతుంది, మెడమీద తునకలు తక్కువ. క్షురకుడు వెనక కాదు, ఎదురుగా ఉంటాడు. గుడ్డ అక్కర్లేదు, చొక్కా విప్పేస్తే సరి. కష్టమల్లా తల వంచుకుని నిమిషాలకొద్దీ ఉండటం, కొత్త మనిషి చెయ్యి, కల్యాణకట్ట సందడి, తడి నేల.

రోజూ స్నానానికి ముందు సాధన. నాన్న పీటమీద కూర్చుని బాబును ఒళ్లో పెట్టుకుంటాడు. అమ్మ ఎదురుగా కూర్చుని గోరువెచ్చటి నీళ్లు తలమీద పోసి, చెంచా వెనకవైపుతో నుదుటినుంచి వెనక్కి గీస్తుంది. నాన్న పైకి లెక్కపెడతాడు. మొదటి వారం మూడు గీతలు. మూడు రోజులు వరసగా తల లాక్కోకుండా ఉంటే ఐదు, తర్వాత ఎనిమిది, పది. పది దాటాక పదేసి విడతలు, మధ్యలో తల ఎత్తనిచ్చి ఒక బుడగ. పది అన్నాక ఆగి తీరాలి. ఒకరోజు బాగా కూర్చున్నాడని అమ్మ “ఇంకొక్కటి, ఇంకొక్కటి” అంటూ పద్నాలుగు గీసింది. మర్నాడు పీట చూసి పారిపోయాడు. మళ్లీ మూడుకు దిగి, అదే చోటికి చేరడానికి నాలుగు రోజులు పోయాయి.

ఆరో వారంలో వీధి చివర కటింగు షాపతను ఇంటికొచ్చి, బ్లేడు లేకుండా చెంచాతోనే అమ్మ స్థానంలో కూర్చున్నాడు. ఐదు సాయంత్రాలు. ఆ మధ్యనే మధ్యాహ్నం పూట తిరుపతి బస్టాండులో పావుగంట కూర్చుని రావడం, చెవి కప్పులతో మొదట, తర్వాత లేకుండా. ఏడు ఫోటోల చిన్న పుస్తకం కుట్టారు: బస్సు, కొండ, హాలు, నీళ్ల మగ్గు, తల వంచుకున్న పిల్లాడు, గుండు, మళ్లీ బస్సు. చివరి ఫోటో బస్సు కావడం ముఖ్యం.

వారం మధ్యలో రోజు ఎంచుకున్నారు. శనివారం, బ్రహ్మోత్సవాలు, వేసవి సెలవులు వద్దన్నాం. పెద్ద కల్యాణకట్ట బదులు కాటేజీల దగ్గర ఉండే మినీ కల్యాణకట్టకు, తెల్లవారి మొదటి బస్సుల్లో. కనుమ మలుపుల్లో వాంతి కాకుండా రెండు గంటల ముందే తేలిక టిఫిను. సంచిలో రెండు తువ్వాళ్లు, ముందు గుండీలుండే చొక్కాలు (తలమీదుగా తొడిగేవి కాదు), బుడగల సీసా, కార్డులు. అన్నిటికంటే ముఖ్యమైన ఏర్పాటు అవ్వతో జరిగింది. బాబు ససేమిరా అంటే బలవంతంగా పట్టుకోకుండా మూడు కత్తెరలు ఇచ్చి దండం పెట్టుకుని వచ్చేస్తామని ఆమె ముందే ఒప్పుకుంది. ఆడవాళ్లు ఇచ్చేది కదా అని మొదట నసిగినా, స్వామికి ఇచ్చింది ఇచ్చినట్టేనని తానే తేల్చుకుంది. వెనక్కి తగ్గే దారి ముందే లేకపోతే కొండమీద, జనం ముందు, చేతులూ కాళ్లూ పట్టుకోవడమే మిగులుతుంది. ఒక్కసారి అలా జరిగితే మూడు నెలల సాధన పోతుంది.

మేం తప్పు చేసింది ఒకచోట. చూసి నేర్చుకుంటాడని నాన్నను ముందు గుండు చేయించుకోమన్నాం. గుండుతో లేచిన మనిషిని బాబు నాన్న అని గుర్తుపట్టలేదు. ఒళ్లోకి రానన్నాడు. పది నిమిషాలు నాన్న ఓ పక్కకు నిలబడి, బాబుకు కనపడకుండా, ఒకటి నుంచి పది లెక్కపెడుతూ ఉంటే గొంతును బట్టి దగ్గరికొచ్చాడు. పెద్దవాళ్ల గుండు పిల్లాడి తర్వాతే. క్షురకుడికి విషయం రెండు ముక్కల్లో చెప్పారు: పది గీతలకొకసారి ఆగాలి, మాట్లాడకూడదు. రెండుసార్లు తల లాక్కున్నాడు, మొత్తం తొమ్మిది నిమిషాలు పట్టింది. గంధం పూయబోతే తోసేశాడు. సాధనలో గంధం పెట్టలేదు మరి. తుడిచేశారు.

26 వారాలకు

ఏడు రోజుల నోటుపుస్తకం మళ్లీ రాయించాం. 41 ఉన్న అరుపులు 13. ఫోను మీద 3, చప్పుడు మీద 4, మిగతావి కారణం తెలియనివి. ‘ఏం కావాలో అర్థం కాలేదు’ అన్న గడిలో ఆ వారం ఏమీ లేదు. కార్డులు 18, నోటితో తెలిసి వాడే మాటలు 9. హిమోగ్లోబిన్ 11.2. పేరు పిలిస్తే పదిలో నాలుగుసార్లు చూస్తున్నాడు. తోటిపిల్లలతో ఆట దాదాపు మారలేదు. నిద్ర కొంచెమే మెరుగైంది.

కాగితాల పని ఈ లోపే మొదలుపెట్టించాం. సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాటు తీసుకుని, సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం, దాంతోపాటే యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయల పింఛను వర్తిస్తుంది. నేషనల్ ట్రస్టు నిరామయ బీమా లక్ష రూపాయల దాకా థెరపీ, ఆసుపత్రి ఖర్చులకు. శిబిరానికి వెళ్లేరోజు వినికిడి రిపోర్టు, డాక్టరు చీటీలతో పాటు నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లమన్నాం. పది నిమిషాల్లో చూసే డాక్టరుకు ఇంట్లో ఏం జరుగుతుందో దాంట్లోనే కనిపిస్తుంది.

అంగన్‌వాడీలో రోజుకు గంటన్నర కూర్చుంటున్నాడు. టీచరు దగ్గర నాలుగు కార్డుల చిన్న అట్ట ఉంది: నీళ్లు, బయటికి, చాలు, అమ్మ. మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) పేరు రాయించారు. తర్వాతి పని మరుగుదొడ్డి. మూడు రోజులపాటు ప్రతి అరగంటకు నిక్కరు తడిసిందా పొడిగా ఉందా అని అదే నోటుపుస్తకంలో రాస్తున్నారు. వరసగా గంటన్నర పొడిగా ఉండే వేళలు కనిపించాకే కూర్చోబెట్టడం మొదలు.